మెగ్నీషియం–హైడ్రాక్సీఅపటైట్ ఇంప్లాంట్ పదార్థం శరీర ద్రవంలో ఎంత వేగంగా క్షయిస్తుందో కొలవడం: ఒక సమగ్ర మార్గదర్శి

విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచడానికి వేసే స్టీలు, టైటానియం ప్లేట్లు, స్క్రూలు ఎముక అతుక్కున్న తరువాత శరీరంలో పని లేకుండా మిగిలిపోతాయి. వాటిని తీయడానికి చాలామందికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. పని పూర్తయ్యాక తనంతట తానే కరిగిపోయే లోహం దొరికితే ఆ రెండో కోత తప్పుతుందన్న ఆలోచనలో మెగ్నీషియం ముందు వరుసలో ఉంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, స్థితిస్థాపక గుణకం సుమారు 45 గిగాపాస్కల్స్. గట్టి ఎముకది 10 నుంచి 30 గిగాపాస్కల్స్ మధ్య ఉంటుంది, టైటానియం మిశ్రలోహాలది 110 దగ్గర ఉంటుంది. కాబట్టి ఎముక మోయవలసిన భారమంతా ఇంప్లాంటే మోసి ఎముకను బలహీనపరచే ఇబ్బంది మెగ్నీషియంతో తక్కువ. జర్మనీలోని హానోవర్ నగరానికి చెందిన సింటెలిక్స్ సంస్థ తయారుచేసిన మాగ్నెజిక్స్ అనే మెగ్నీషియం మిశ్రలోహపు స్క్రూ 2013లోనే ఐరోపాలో అమ్మకానికి అవసరమైన సీఈ గుర్తింపు పొందింది.

చిక్కంతా వేగంలో ఉంది. ఉప్పునీటిలాంటి శరీర ద్రవంలో మెగ్నీషియం నీటితో చర్య జరిపి మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. పైన ఏర్పడే హైడ్రాక్సైడ్ పొరను క్లోరైడ్ అయాన్లు నిలవనివ్వవు. లోహం మరీ త్వరగా పోతే ఎముక అతకక ముందే స్క్రూ పట్టు వదులుతుంది, వాయువు చుట్టుపక్కల కణజాలంలో బుడగలుగా పోగవుతుంది. ఎముకలోని ఖనిజానికి దగ్గరి బంధువైన హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ సిరామిక్‌ను మెగ్నీషియంలో కలిపి కాంపోజిట్‌గా, అంటే మిశ్రమ పదార్థంగా, చేయడం ఈ వేగాన్ని అదుపు చేయడానికి జరుగుతున్న ప్రయత్నాలలో ఒకటి. 20 శాతం హైడ్రాక్సీఅపటైట్ కలిపిన ఏజెడ్91డి అనే మెగ్నీషియం మిశ్రలోహపు కాంపోజిట్ మీద 2007లో వెలువడిన పరిశోధన తరువాత ఈ రంగంలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి.

ఆ వ్యాసాలను వరుసగా చదివినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. దాదాపు ఒకే కూర్పు ఉన్న పదార్థానికి ఒకచోట క్షయం తగ్గిందని, మరోచోట పెరిగిందని ఉంటుంది. నా అభిప్రాయంలో దీనికి కారణం సగం పదార్థంలో ఉంటే సగం కొలతలో ఉంది. ఈ కాంపోజిట్‌లోని సిరామిక్ క్షయాన్ని కొలిచే దాదాపు ప్రతి పద్ధతినీ ఏదో ఒక విధంగా తప్పుదారి పట్టిస్తుంది: బరువులో, శుభ్రపరిచే ఆమ్లంలో, పాలిష్ చేసిన ఉపరితలంలో, చివరికి ఎక్స్‌రే చిత్రంలో కూడా. అందుకే ఈ మార్గదర్శి ప్రతి మెట్టులోనూ ఒకే ప్రశ్న అడుగుతుంది: నేను చూస్తున్నది లోహం పోవడమా, లేక సిరామిక్ కదలడమా?

ఒక మాట పదజాలం గురించి. తుప్పు అనేది ఇనుముకు పట్టేది కాబట్టి ఇక్కడ పాఠ్యపుస్తకాల మాటైన క్షయాన్నే వాడుతున్నాను.

మొదటి మెట్టు: పోలికకు సరైన జోడీ

హైడ్రాక్సీఅపటైట్ ప్రభావం తెలుసుకోవాలంటే అది లేని నమూనా కూడా ఉండాలని అందరికీ తెలుసు. కానీ బజారులో కొన్న పోత మెగ్నీషియం కడ్డీని కోసి, పొడితో తయారుచేసిన కాంపోజిట్ పక్కన పెట్టి పోల్చడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఆ పోలికలో సిరామిక్ ఒక్కటే కాదు, గ్రెయిన్ (లోహంలోని స్ఫటిక రేణువు) పరిమాణం, లోపలి సందులు, ఆక్సైడ్ మోతాదు, మలినాలు అన్నీ మారిపోతాయి. కాబట్టి శూన్య శాతం నమూనాను కూడా అదే పొడితో, అదే మిల్లులో, అంతే సేపు తిప్పి, అదే ఉష్ణోగ్రతలో సింటర్ చేసి, అంటే కరగకుండానే రేణువులు అతుక్కునేలా వేడి చేసి, సిద్ధం చేయండి. దానితో పాటు బరువులో 5, 10, 15 శాతం హైడ్రాక్సీఅపటైట్ ఉన్న మూడు కూర్పులు సరిపోతాయి.

బరువు శాతానికీ ఘనపరిమాణ శాతానికీ తేడా మొదటే లెక్క కట్టి పెట్టుకోవాలి. హైడ్రాక్సీఅపటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.16 గ్రాములు, అంటే మెగ్నీషియానికి దాదాపు రెట్టింపు. బరువులో 10 శాతం వేసినా అది ఆక్రమించే చోటు 5.8 శాతమే, 5 శాతం వేస్తే 2.8 శాతమే. ఉపరితలంలో లోహం వాటా ఇంకా 94 శాతం పైనే ఉంటుంది కనుక, సిరామిక్ లోహాన్ని కప్పేసి కాపాడిందన్న వివరణ ఈ అంకెల ముందు నిలవదు. మార్పు కనిపిస్తే దాని కారణం మరోచోట వెతకాలి.

ప్రతి కూర్పుకూ, ప్రతి కాలవ్యవధికీ కనీసం మూడు నమూనాలు కావాలి. అయిదు ఉంటే నిశ్చింత.

రెండో మెట్టు: పొడి, మిల్లింగ్, సింటరింగ్

సన్నని మెగ్నీషియం పొడి గాలిలో మండుతుంది. తూకం, కలపడం, మిల్లు పాత్ర మూత తెరవడం ఆర్గాన్ నింపిన గ్లోవ్ బాక్స్‌లోనే జరగాలి. మంట వస్తే నీళ్లు గానీ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ వాడకూడదు, ఎందుకంటే మండుతున్న మెగ్నీషియం ఆ రెండింటితోనూ చర్య జరుపుతుంది. పొడి ఇసుక బకెట్టు చేతికి అందేలా ఉంచండి.

మిల్లు బంతుల ఎంపిక చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ చాలా ఫలితాలు చెడిపోయేది ఇక్కడే. మెగ్నీషియంలో ఇనుము కొద్దిపాటి హద్దు దాటగానే క్షయం అమాంతం పెరుగుతుంది. పోత శుద్ధ మెగ్నీషియానికి ఆ హద్దు సుమారు 170 పీపీఎం (పది లక్షల భాగాల్లో 170) అని చెబుతారు. నికెల్, రాగి విషయంలోనూ ఇలాంటి హద్దులే ఉన్నాయి, నికెల్‌ది మరీ తక్కువ. గట్టి హైడ్రాక్సీఅపటైట్ రేణువులు స్టీలు బంతులను, పాత్ర గోడలను అరగదీస్తాయి. సిరామిక్ ఎక్కువయ్యే కొద్దీ అరుగుదల ఎక్కువవుతుంది, కాబట్టి ఇనుమూ ఎక్కువగా చేరుతుంది. ఆ తరువాత 15 శాతం కాంపోజిట్ త్వరగా క్షయిస్తే నింద సిరామిక్ మీద పడుతుంది, అసలు దోషి మిల్లు. జిర్కోనియా బంతులు, జిర్కోనియా పాత్ర వాడి, సింటర్ చేసిన ప్రతి కూర్పులోనూ ఇనుము, నికెల్, రాగి ఎంతున్నాయో ఐసీపీ పద్ధతిలో (ప్లాస్మా సాయంతో మూలకాల మోతాదు కొలిచే విశ్లేషణ) పరీక్షించి ఆ అంకెలను ఫలితాలతో పాటు ప్రచురించండి. ఇది లేని వ్యాసాన్ని నేను సందేహంతోనే చదువుతాను.

మెగ్నీషియం 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పొడి రేణువుల మీది ఆక్సైడ్ పొర సింటరింగ్‌ను అడ్డుకుంటుంది కనుక మామూలుగా ఒత్తి వేడి చేయడం కన్నా వేడిమీద ఒత్తడం, స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ (ఒత్తుతూ విద్యుత్ ప్రవాహంతో వేడి చేయడం), లేదా తరువాత ఎక్స్‌ట్రూషన్ (అచ్చు రంధ్రం గుండా నెట్టడం) చేయడం మేలు. ఉష్ణోగ్రత ఎక్కువై, సమయం పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సీఅపటైట్‌తో చర్య జరిపి మెగ్నీషియం ఆక్సైడ్‌ను, ఇతర కాల్షియం ఫాస్ఫేట్లను ఏర్పరచవచ్చు. సింటరింగ్ తరువాత ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటిక పదార్థాలను గుర్తుపట్టే ఎక్స్‌రే పరీక్ష) తీసి, వేసిన సిరామిక్ వేసినట్టే ఉందో లేదో చూసుకోండి. ఆ చిత్రాన్ని భద్రపరచండి, తొమ్మిదో మెట్టులో మళ్లీ పని పడుతుంది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి, లోహపు పొడులతో పనిచేసే పౌడర్ మెటలర్జీ కేంద్రాలు మన దగ్గరే ఉన్నాయి కనుక, సొంత ఫర్నేస్ లేదని రాజీ పడకుండా ఈ దశను బయట చేయించుకునే అవకాశం ఉందేమో విచారించడం మంచిది.

మూడో మెట్టు: లోపలి సందులను లెక్కించడం

లోపల సందులుంటే ద్రవం వాటిలోకి చొరబడి, మనం స్కేలుతో కొలిచిన ఉపరితలానికి ఎన్నో రెట్లు ఎక్కువ లోహాన్ని తాకుతుంది. ఆర్కిమెడిస్ పద్ధతిలో సాంద్రత కొలవండి, అయితే నీటిలో ముంచకండి. మెగ్నీషియం అప్పుడే క్షయించడం మొదలుపెడుతుంది. 20 డిగ్రీల దగ్గర సాంద్రత 0.789 ఉండే నిర్జల ఇథనాల్ ఇందుకు తగినది. సందులు లేని 10 శాతం కాంపోజిట్ సాంద్రత 1.82 రావాలి, 5 శాతానిది 1.78. మీ 10 శాతం నమూనా 1.76 దగ్గర ఆగితే మూడు శాతానికి పైగా ఖాళీ ఉన్నట్టు. కూర్పుల మధ్య ఈ ఖాళీ ఒకేలా లేకపోతే ముందు దాన్ని సరిచేయండి, క్షయ పరీక్ష తరువాత.

నాలుగో మెట్టు: ఉపరితలాన్ని సిద్ధం చేయడం

10 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ల సౌకర్యంగా ఉంటుంది. దాని మొత్తం ఉపరితలం సరిగ్గా 3.14 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి లెక్కలు తేలిక. సిలికాన్ కార్బైడ్ గరుకు కాగితం మీద 320 నంబరు నుంచి మొదలుపెట్టి 2000 నంబరు వరకు క్రమంగా రుద్దాలి, తడి కోసం నీటికి బదులు ఇథనాల్ వాడాలి. మెత్తని లోహంలో గట్టి రేణువులు ఉన్నందున గట్టిగా ఒత్తి రుద్దితే హైడ్రాక్సీఅపటైట్ ఊడివచ్చి గుంటలు మిగులుతాయి. ఆ గుంటలే తరువాత పిట్టింగ్ (గుంటలుగా తినే) క్షయం ఆనవాళ్లుగా వ్యాసాల్లోకి ఎక్కుతాయి. అందుచేత ద్రవంలో వేయడానికి ముందే ప్రతి కూర్పు నుంచి ఒక నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి, ఖాళీ గుంటలు ఎన్ని, రేణువులున్న చోట్లు ఎన్ని అని లెక్క రాసి పెట్టుకోండి.

ఇథనాల్‌లో అల్ట్రాసోనిక్ శుభ్రత రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే అది కూడా రేణువులను వదులు చేస్తుంది. ఆరబెట్టిన తరువాత పరీక్ష మొదలయ్యే వరకు గడిచే సమయం అన్ని నమూనాలకూ ఒకటే ఉండాలి, ఎందుకంటే గాలిలో ఏర్పడే పొర మొదటి గంటల కొలతలను మారుస్తుంది.

అయిదో మెట్టు: ద్రవం ఎంపిక

ఈ మార్గదర్శి మొత్తంలో ఎక్కువ ఆలోచించవలసిన మెట్టు ఇదే.

చాలామంది వాడేది క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కొకుబో రూపొందించిన కృత్రిమ శరీర ద్రవం, అంటే ఎస్‌బీఎఫ్. ఒక లీటరుకు దాని కూర్పు ఇది: 36.5 డిగ్రీల దగ్గర ఉంచిన 700 మిల్లీలీటర్ల శుద్ధ నీటిలో సోడియం క్లోరైడ్ 8.035 గ్రాములు, సోడియం బైకార్బనేట్ 0.355, పొటాషియం క్లోరైడ్ 0.225, మూడు నీటి అణువులున్న డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.231, ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్ 0.311 గ్రాములు వరుసగా ఒకటి కరిగాకే మరొకటి వేయాలి. తరువాత ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 39 మిల్లీలీటర్లు, ఆపైన కాల్షియం క్లోరైడ్ 0.292, సోడియం సల్ఫేట్ 0.072 గ్రాములు. చివరిగా 6.118 గ్రాముల ట్రిస్‌ను (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్) కొద్దికొద్దిగా కలుపుతూ, ఆమ్లంతో సవరిస్తూ పీహెచ్‌ను 36.5 డిగ్రీల వద్ద 7.40కి తెచ్చి, చల్లార్చి లీటరుకు నింపాలి. గీతలు పడిన గాజు పాత్రలో అవక్షేపం ఏర్పడే ప్రమాదం ఉంది కనుక ప్లాస్టిక్ పాత్ర వాడాలి. ద్రవం ఏమాత్రం మసకబారినా పారబోయండి. ఫ్రిజ్‌లో 30 రోజులకు మించి దాచకండి.

ఇంత జాగ్రత్తగా తయారుచేసిన ఈ ద్రవమే మెగ్నీషియం విషయంలో మనల్ని మోసం చేయగలదు. దీన్ని తయారుచేసింది సిరామిక్‌ల మీద అపటైట్ పొర ఏర్పడుతుందా లేదా అని చూడటానికి, ఐఎస్ఓ 23317 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉద్దేశం కూడా అదే. లోహక్షయం కొలవడం దాని మొదటి పని కాదు. ఇందులో క్లోరైడ్ లీటరుకు 147.8 మిల్లీమోల్స్, రక్తపు ప్లాస్మాలో 103 మాత్రమే. బైకార్బనేట్ ఇందులో 4.2 అయితే ప్లాస్మాలో 27. అన్నిటికన్నా ముఖ్యంగా, మెగ్నీషియం క్షయించేటప్పుడు పుట్టే హైడ్రాక్సైడ్ అయాన్లను ట్రిస్ అప్పటికప్పుడు తటస్థపరుస్తుంది, దానితో కాపాడే పొర ఏర్పడటం కష్టమై క్షయం శరీరంలో కన్నా వేగంగా సాగుతుంది. శరీరంలో ఆ పని చేసేది బైకార్బనేట్, కార్బన్ డయాక్సైడ్ జంట.

నా సలహా రెండు ద్రవాలతో పని చేయమని. హైడ్రోజన్ కొలిచే పరీక్షకు గాలిలో వాడటానికి తగిన, 4.2 మిల్లీమోల్స్ బైకార్బనేట్ ఉన్న హ్యాంక్స్ ద్రావణం (కణాల పెంపకంలో వాడే లవణ ద్రావణం) వాడండి. దానికి సమాంతరంగా, 26 మిల్లీమోల్స్ బైకార్బనేట్ ఉన్న ఎర్ల్ అనే అలాంటి మరో ద్రావణంలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఇన్‌క్యుబేటర్‌లో, 37 డిగ్రీల వద్ద మరో వరుస నమూనాలను ఉంచండి. ఇన్‌క్యుబేటర్‌లోని వాయువు వల్ల అక్కడ హైడ్రోజన్ సేకరణ కుదరదు, కాబట్టి ఆ వరుసను కరిగిన మెగ్నీషియంతోనూ బరువుతోనూ అంచనా వేయాలి. ఎర్ల్ ద్రావణంలో ముందే సుమారు 0.8 మిల్లీమోల్స్, అంటే లీటరుకు 19 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. నమూనా లేని పాత్రను కూడా పక్కన పెట్టి ఆ విలువను తీసివేయడం మరచిపోవద్దు. రోజుల తరబడి నడిచే పరీక్షలో సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక ద్రవాన్ని సన్నని ఫిల్టర్‌తో వడకట్టి, పాత్రలను స్టెరిలైజ్ చేసి పెట్టాలి.

ద్రవం మోతాదు చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మిల్లీలీటర్లు ఉండాలి, అంటే మన బిళ్లకు 63 మిల్లీలీటర్లు. తక్కువ పోస్తే పీహెచ్ 10 వైపు ఎగబాకి, క్షయం దానంతట అదే నెమ్మదించి, పదార్థం గొప్పదన్న భ్రమ కలుగుతుంది. ద్రవాన్ని ఎన్నాళ్లకు మార్చారో, మార్చేముందు పీహెచ్ ఎంతుందో ప్రతిసారీ రాయండి.

ఆరో మెట్టు: హైడ్రోజన్‌ను పట్టి కొలవడం

ఒక మెగ్నీషియం పరమాణువు పోతే ఒక హైడ్రోజన్ అణువు వెలువడుతుంది. హైడ్రాక్సీఅపటైట్ ఊడినా, కరిగినా, కొత్తగా పేరుకున్నా ఈ లెక్క మారదు. కాంపోజిట్ విషయంలో సిరామిక్ తాకలేని కొలత దాదాపు ఇదొక్కటే, అందుకే నేను దీన్ని మిగతా వాటికి కొలబద్దగా పెడతాను.

నమూనాను నైలాన్ దారంతో వేలాడదీసి, పైన తలకిందులు చేసిన గరాటు, దాని కాడ మీద ద్రవంతో నింపిన బ్యూరెట్ అమర్చండి. దారం లోహపుది కాకూడదు. 37 డిగ్రీల వద్ద, ఒక వాతావరణ పీడనంలో ఒక మిల్లీగ్రాము మెగ్నీషియానికి 1.05 మిల్లీలీటర్ల పొడి హైడ్రోజన్ వస్తుంది. బ్యూరెట్‌లో చేరేది నీటి ఆవిరి కలిసిన వాయువు. ఆ ఉష్ణోగ్రతలో ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్ల పాదరసం కనుక చదివే అంకె 1.12 దగ్గర ఉంటుంది. ఈ సవరణ చేయకపోతే క్షయాన్ని ఆరేడు శాతం ఎక్కువ చెప్పినట్టవుతుంది. మొదటి కొన్ని గంటల్లో కొంత హైడ్రోజన్ ద్రవంలోనే కరిగి ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని సగటులో కలపకండి.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. మన బిళ్ల నుంచి ఏడు రోజుల్లో, ఆవిరి సవరణ తరువాత, 11 మిల్లీలీటర్ల హైడ్రోజన్ వచ్చిందనుకుందాం. అంటే పోయిన మెగ్నీషియం 10.5 మిల్లీగ్రాములు. దాన్ని 3.14తోనూ 7తోనూ భాగిస్తే చదరపు సెంటీమీటరుకు రోజుకు 0.48 మిల్లీగ్రాములు. మెగ్నీషియానికి ఈ అంకెను 2.1తో గుణిస్తే ఏడాదికి మిల్లీమీటర్లలో క్షయ వేగం వస్తుంది, ఇక్కడ దాదాపు 1.0. అయితే సగటు అంకె కన్నా రోజువారీ గీత ఎక్కువ చెబుతుంది. మొదట నిలువుగా లేచి తరువాత వంగే గీత పొర ఏర్పడుతోందని చెబుతుంది. కొన్నాళ్లు నెమ్మదిగా సాగి హఠాత్తుగా లేచే గీత లోపలి సందుల్లోకి ద్రవం చొచ్చుకుపోయిందని చెబుతుంది.

ఏడో మెట్టు: విద్యుత్ రసాయన పరీక్షలు

వీటికి వేరే నమూనాలు వాడండి. వెనుక భాగానికి రాగి తీగను వాహక జిగురుతో అతికించి, ఎపాక్సీలో పోసి, ఒక ముఖం మాత్రమే తెరిచి ఉంచాలి. ఎపాక్సీకీ లోహానికీ మధ్య సన్నని సందు మిగిలితే క్షయం అక్కడే మొదలవుతుంది. పరీక్ష అయ్యాక అంచులను మైక్రోస్కోప్‌లో చూసి, అక్కడ తిన్నట్టు కనిపిస్తే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి. కాలమెల్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో (పోలికకు ఆధారంగా పెట్టేది) కొలిచిన పొటెన్షియల్‌ను సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినదానితో నేరుగా పోల్చకండి. సంతృప్త ద్రావణాల్లో వాటి మధ్య 45 మిల్లీవోల్టుల దాకా తేడా ఉంటుంది.

ముందు ఒక గంట ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్ (బయటి ప్రవాహం ఏదీ పంపనప్పుడు ఉండే పొటెన్షియల్) గమనించండి. తరువాత 10 మిల్లీవోల్టుల అలతో, 100 కిలోహెర్ట్జ్ నుంచి 10 మిల్లీహెర్ట్జ్ వరకు ఇంపీడెన్స్ (మారే ప్రవాహానికి ఉపరితలం ఇచ్చే నిరోధం) తీయండి. 10 మిల్లీహెర్ట్జ్ దగ్గర ఒక్క ఆవృత్తానికే వంద సెకన్లు పడుతుంది, ఆ లోపే మెగ్నీషియం ఉపరితలం మారిపోతుంది. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీ బిందువులు చెల్లాచెదురుగా ఉంటే క్రామర్స్–క్రోనిగ్ పరీక్ష (కొలత సమయంలో వ్యవస్థ స్థిరంగా ఉందా అని చూసే గణిత పరీక్ష) చేసి, నిలవని వాటిని తొలగించాలి. గ్రాఫ్ చివర కిందికి తిరిగే ఇండక్టివ్ వలయం కనిపిస్తే దాన్ని కత్తిరించి అందమైన అర్ధవృత్తాలుగా చూపకండి, అది పొర చిట్లుతున్నదనడానికి సంకేతం కావచ్చు. ఇంపీడెన్స్ నమూనాను పాడుచేయదు కాబట్టి 1, 6, 24, 72 గంటల దగ్గర అదే నమూనా మీద మళ్లీ తీయవచ్చు. ఈ పద్ధతి అసలు బలం అదే.

పోలరైజేషన్ పరీక్ష (పొటెన్షియల్‌ను మారుస్తూ ప్రవాహాన్ని కొలిచేది) చివరిది, అది ఉపరితలాన్ని పాడుచేస్తుంది. కాథోడ్ వైపు నుంచి ఆనోడ్ వైపుకు ఒకేసారి గీయడం కన్నా, ఓపెన్ సర్క్యూట్ నుంచి కాథోడ్ వైపుకు ఒక నమూనా, ఆనోడ్ వైపుకు మరో కొత్త నమూనా వాడటం మంచిది. క్షయ ప్రవాహాన్ని అంచనా వేసే టాఫెల్ గీతను (పొటెన్షియల్‌కు ఎదురుగా ప్రవాహపు లాగరిథం గీసిన గ్రాఫ్‌లోని సరళరేఖ) కాథోడ్ వైపు నుంచే పొడిగించాలి. పొటెన్షియల్‌ను ఆనోడ్ వైపు పెంచినప్పుడు మామూలు లోహాల్లో హైడ్రోజన్ తగ్గాలి, మెగ్నీషియంలో మాత్రం పెరుగుతుంది, కాబట్టి ఆనోడ్ గీత టాఫెల్ నియమాన్ని పాటించదు. వచ్చిన ప్రవాహ సాంద్రతను చదరపు సెంటీమీటరుకు మైక్రోఆంపియర్లలో తీసుకుని 0.0229తో గుణిస్తే ఏడాదికి మిల్లీమీటర్లు వస్తాయి. 20 మైక్రోఆంపియర్లంటే 0.46 మిల్లీమీటర్లు. ఇది హైడ్రోజన్ ఇచ్చిన 1.0కు సగం కూడా కాదు. కంగారు పడవద్దు, మెగ్నీషియంలో టాఫెల్ అంకె తక్కువ రావడం తరచూ చూసేదే. అది ఒక గంట వయసున్న ఉపరితలపు క్షణిక చిత్రం, హైడ్రోజన్‌ది వారం రోజుల లెక్క. తప్పు ఎక్కడంటే, సారాంశంలో చిన్న అంకెను మాత్రమే రాయడంలో.

హైడ్రాక్సీఅపటైట్ విద్యుత్తును పోనివ్వదు. కాబట్టి గ్రాఫైట్ లాంటి వాహక రేణువుల్లాగా అది కాథోడ్‌గా పనిచేసి పక్క లోహాన్ని తినిపించదు. హైడ్రాక్సీఅపటైట్ పెరిగే కొద్దీ కాథోడ్ ప్రవాహం పెరిగితే గాల్వానిక్ జంట (ఒకదాన్నొకటి తినిపించే రెండు పదార్థాల జోడీ) అని రాయకముందు రెండో మెట్టులోని ఇనుము అంకెను తీసి చూడండి.

ఎనిమిదో మెట్టు: శుభ్రపరచి బరువు చూడటం

ప్రామాణిక పద్ధతిలో మెగ్నీషియం మీది క్షయ పదార్థాన్ని లీటరుకు 200 గ్రాముల క్రోమియం ట్రైఆక్సైడ్ ద్రావణంతో తొలగిస్తారు. అది మెగ్నీషియం లోహాన్ని పెద్దగా ముట్టదు. కానీ ఆమ్లంలో హైడ్రాక్సీఅపటైట్ కరుగుతుంది! శుద్ధ మెగ్నీషియం కోసం రాసిన పద్ధతిని కాంపోజిట్‌కు యథాతథంగా వాడినప్పుడు పోయిన బరువులో సిరామిక్ వాటా కూడా కలిసిపోతుంది. ద్రవంలో వేయని తాజా కాంపోజిట్ బిళ్లను అంతే సేపు అదే ద్రావణంలో ముంచి, దాని బరువు ఎంత తగ్గిందో చూసి తీసివేయాలి.

ఇంకో సవరణ మిగిలి ఉంది. చుట్టూ లోహం పోయిన రేణువు తనంతట తానే రాలిపోతుంది. 10 శాతం కాంపోజిట్‌లో 10.5 మిల్లీగ్రాముల మెగ్నీషియం పోతే దానితో పాటు 1.2 మిల్లీగ్రాముల హైడ్రాక్సీఅపటైట్ కూడా పోవచ్చు, తూకంలో కనిపించేది 11.7. శుద్ధ మెగ్నీషియంతో నేరుగా పోలిస్తే కాంపోజిట్‌కు 11 శాతం అన్యాయం జరిగినట్టే. శుభ్రపరచకుండా తూచితే మోసం అటువైపు జరుగుతుంది: కొత్తగా పేరుకున్న కాల్షియం ఫాస్ఫేట్ వల్ల బరువు పెరిగి, క్షయమే లేదన్నట్టు కనిపిస్తుంది.

ఆరు సంయోజకత ఉన్న క్రోమియం క్యాన్సర్ కారకం. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్ వేసుకుని మాత్రమే వాడండి. వాడిన ద్రావణాన్ని సింకులో పారబోయకుండా ఆమ్ల మాధ్యమంలో సోడియం మెటాబైసల్ఫైట్‌తో మూడు సంయోజకతకు తగ్గించి, సున్నంతో అవక్షేపించి, ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

తొమ్మిదో మెట్టు: ఉపరితలం చెప్పేది వినడం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎండిన చెరువు అడుగులాంటి పగుళ్లు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం వాక్యూమ్‌లో హైడ్రాక్సైడ్ పొర నీరు కోల్పోయి చీలడం వల్ల వచ్చినవే. ద్రవంలో ఉన్నప్పుడు పొర అలా పగిలి ఉందని రాయకండి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో, రాగి నుంచి పుట్టించిన ఎక్స్‌రేతో, 18.6 డిగ్రీల కోణం దగ్గర మెగ్నీషియం హైడ్రాక్సైడ్ శిఖరం వస్తుంది. 31.8 దగ్గరి హైడ్రాక్సీఅపటైట్ శిఖరం చూసి ద్రవం నుంచి ఎముక ఖనిజం ఏర్పడిందని సంబరపడటం తొందరపాటు, మీరే వేసిన హైడ్రాక్సీఅపటైట్ అక్కడే ఉంది కదా. పరీక్షకు ముందు తీసి దాచిన చిత్రాన్ని పక్కన పెట్టండి. సింటర్ అయిన పాత రేణువుల శిఖరాలు సన్నగా పదునుగా ఉంటాయి, కొత్తగా పేరుకున్నది స్ఫటికత తక్కువై వెడల్పాటి గుట్టలా కనిపిస్తుంది.

శుభ్రపరచిన నమూనా మీద ప్రొఫైలోమీటర్‌తో (ఉపరితలపు ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) అత్యంత లోతైన గుంటను కొలవండి. స్క్రూ విరిగేది సగటు క్షయం దగ్గర కాదు, లోతైన గుంట దగ్గర. మిశ్రమం సరిగా కలవక హైడ్రాక్సీఅపటైట్ గుత్తులుగా మిగిలిన చోట, గుత్తి లోపలి సందుల్లోకి ద్రవం దిగి, సగటు వేగం తక్కువే ఉన్నా గుంట లోతు ఎక్కువ రావచ్చు. 5 శాతం కూర్పు బాగుండి 15 శాతం చెడిందంటే నేను మొదట చూసేది అడ్డుకోతలో ఈ గుత్తులనే.

టైటానియం కాంపోజిట్ అయితే

పై మెట్లను టైటానియం–హైడ్రాక్సీఅపటైట్‌కు అలాగే వాడితే ఏమీ కనిపించదు. టైటానియం మీద కొద్ది నానోమీటర్ల మందపు ఆక్సైడ్ పొర ఉంటుంది, బరువు తేడా తూనికకు అందదు, హైడ్రోజన్ రాదు. అక్కడ ఏఎస్‌టీఎం ఎఫ్2129 అనే ప్రామాణిక పద్ధతిలో చక్రీయ పోలరైజేషన్ చేసి పొర చిట్లే పొటెన్షియల్‌ను, మళ్లీ మూసుకునే పొటెన్షియల్‌ను చూడాలి. ద్రవంలోకి దిగిన అల్యూమినియం, వనేడియం, టైటానియం అయాన్లను ఐసీపీ–ఎంఎస్‌తో కొలవాలి. వాపు వచ్చిన కణజాలాన్ని అనుకరించడానికి ద్రవంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చూడటం అవసరం. లోహం కన్నా హైడ్రాక్సీఅపటైట్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక సింటర్ చేసి చల్లార్చినప్పుడు వాటి హద్దు వెంట సన్నని పగుళ్లు రావచ్చు. ఆ సందుల్లోని క్షయమే అక్కడ అసలు ప్రశ్న.

పదో మెట్టు: అంకెలు ఒకదానితో ఒకటి కుదరనప్పుడు

హైడ్రోజన్, సవరించిన బరువు, కరిగిన మెగ్నీషియం అనే మూడు అంకెలను ఒకే కాలవ్యవధికి పక్కపక్కన రాయండి. మొదటి రెండూ పది పదిహేను శాతం తేడాలో కలిస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. కరిగిన మెగ్నీషియం వీటికన్నా తక్కువ రావడం సహజం, ఎందుకంటే కొంత లోహం హైడ్రాక్సైడ్‌గా నమూనా మీదే ఉండిపోతుంది. క్రోమిక్ ద్రావణంలోకి వచ్చిన మెగ్నీషియాన్ని కూడా కలిపితే లెక్క దగ్గరపడాలి. బరువు హైడ్రోజన్ కన్నా బాగా ఎక్కువ వస్తే లోహపు ముక్కలు కూడా విరిగి రాలుతున్నాయేమో పాత్ర అడుగు చూడండి. హైడ్రోజన్ బరువు కన్నా ఎక్కువ వస్తే బ్యూరెట్‌లో గాలి చేరిందేమో, ఆవిరి సవరణ మరచిపోయారేమో చూడండి. టాఫెల్ అంకెను ఈ మూడింటి సగటులో ఎప్పుడూ కలపవద్దు. దాన్ని కూర్పుల మధ్య క్రమం చెప్పడానికి మాత్రమే వాడి, ఆ క్రమం హైడ్రోజన్ చెప్పిన క్రమంతో ఏకీభవించకపోతే ఆ సంగతిని కూడా నివేదికలో దాచకుండా రాయండి.